దుఃఖంలో ఉన్న ఆడవాళ్ళకు గుర్రం తోడు: ఎనిమిది వారాల కార్యక్రమం ఎలా నడపాలి

పెద్దకర్మ అయిన మర్నాడు చుట్టాలు బస్సెక్కేస్తారు. ఆ తర్వాత ఆమెకు మిగిలేది ఇల్లు, ఫోను, సలహాలు. "పిల్లల మొహం చూసైనా ధైర్యం తెచ్చుకో", "ఏడిస్తే పోయినోళ్ళు తిరిగొస్తారా" అని ఊరంతా చెప్తుంది. ఏడాదిపాటు కొండకు వెళ్ళకూడదు, శుభకార్యాలకు పోకూడదు అనే ఆనవాయితీ ఉన్న ఇళ్ళల్లో అయితే గడప దాటే సందర్భమే ఉండదు. గుర్రం పనికొచ్చేది సరిగ్గా ఇక్కడే. అది సలహా ఇవ్వదు, "ఎలా పోయారు?" అని అడగదు, బొట్టు ఉందా లేదా అని చూడదు.

తిరుపతి, చిత్తూరు ప్రాంతాల్లో మహిళా సంఘం నడిపేవాళ్ళు, కౌన్సెలర్లు, సొంత గుర్రాలున్నవాళ్ళు కలిసి చిన్న స్థాయిలో ఇలాంటి కార్యక్రమం మొదలుపెట్టాలంటే ఏం చేయాలో కింద చెప్తున్నాం. స్వారీ ఇందులో లేదు. అంతా నేల మీద నిలబడి చేసే పనే: చూడటం, తాకడం, ఒళ్ళు తోమడం, పగ్గం పట్టుకుని నడిపించడం. అమెరికాలో 1999లో మొదలైన ఈగాలా పద్ధతి కూడా ఇదే. మానసిక ఆరోగ్య నిపుణులు ఒకరు, గుర్రాలు తెలిసినవారు ఒకరు జట్టుగా ఉంటారు, జీను మాటే ఉండదు.

ముందు ఒక్క మాట తేల్చుకోవాలి. ఇది కౌన్సెలింగ్‌కు తోడు, దానికి బదులు కాదు. దుఃఖం మీద దీని ప్రభావం గురించి జరిగిన అధ్యయనాలు చిన్నవి. ఫలితాలు ఆశ కలిగించేలా ఉన్నా తిరుగులేని రుజువు ఇంకా లేదు. గుర్రం గుండె తరంగాలు మీ బాధను లాగేస్తాయని చెప్పి డబ్బు అడిగేవాళ్ళు కనిపిస్తే దణ్ణం పెట్టి వచ్చేయండి. గట్టిగా చెప్పగలిగింది ఇంత: గుర్రం వేటకు గురయ్యే జంతువు, కాబట్టి ఎదుటి ఒంటిలో బిగువు, ఊపిరి, అడుగు వేసే తీరు క్షణక్షణం గమనిస్తుంది. 2016లో బ్రిటన్‌లోని ససెక్స్ విశ్వవిద్యాలయం వాళ్ళు 28 గుర్రాలకు మనుషుల ఫొటోలు చూపించారు. కోపంగా ఉన్న మొహాన్ని అవి ఎక్కువగా ఎడమ కంటితో చూశాయి, గుండె వేగమూ త్వరగా పెరిగింది. ఊపిరి బిగబట్టి లోపలికి వచ్చిన మనిషిని చూసి గుర్రం తల ఎత్తుతుంది. ఆమె ఊపిరి వదిలాక చాలాసార్లు తల దించుతుంది. తన ఒళ్ళు ఎంత బిగుసుకుని ఉందో నెలల తర్వాత ఆమెకు తెలిసేది అప్పుడే.

మొదటి అడుగు: ఎవరిని తీసుకోవాలి, ఎవరిని ఆపాలి

మరణం జరిగిన మొదటి వారాల్లో ఎవరినీ పిలవకండి. కర్మలు, కాగితాలు, బ్యాంకు, పెన్షన్ పనులు నడుస్తుంటాయి. ఆ స్థితిలో కొత్త చోటు, కొత్త జంతువు మోయలేని భారం అవుతాయి. రెండు మూడు నెలలు గడిచాక అడగడం మా లెక్కలో సరైన సమయం. ఆరు నెలలు దాటినా రోజూ అదే తీవ్రతతో బాధ ఉండి, తిండి, నిద్ర, పని అన్నీ ఆగిపోతే అది వైద్యుడు చూడాల్సిన స్థితి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐసీడీ-11 అనే జబ్బుల వర్గీకరణలో దీర్ఘకాలిక దుఃఖ రుగ్మతకు పెట్టిన గడువూ కనీసం ఆరు నెలలే.

ఒక్కొక్కరితో విడిగా అరగంట కూర్చోండి. పీహెచ్‌క్యూ-9 అనే, కుంగుబాటు ఎంతుందో కొలిచే తొమ్మిది ప్రశ్నల పట్టిక చదివి వినిపించండి. తొమ్మిదో ప్రశ్న చచ్చిపోవాలనే ఆలోచనల గురించి. దానికి "ఏమీ లేదు" తప్ప ఇంకే జవాబు వచ్చినా ముందు మానసిక వైద్యుల దగ్గరికి పంపాలి, గుర్రం తర్వాత. తిరుపతిలో రుయా ఆసుపత్రిలో సైకియాట్రీ విభాగం ఉంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు.

అదుపులో లేని మూర్ఛ, ఉబ్బసం, జంతువుల వెంట్రుకలు పడకపోవడం, గర్భం, ఎముకలు బాగా గుల్లబారడం, మగతనిచ్చే మందులు కొత్తగా మొదలుపెట్టడం ఉంటే వైద్యుల అనుమతి లేకుండా కంచె లోపలికి రానివ్వకండి. బయట కూర్చుని చూడటానికి అభ్యంతరం లేదు. ధనుర్వాతం టీకా వేయించుకున్నారో లేదో అడగండి. గుర్రపు పేడ కలిసిన మట్టిలో ఆ క్రిమి సాధారణంగా ఉంటుంది.

గుంపు నలుగురైతే బాగుంటుంది, ఆరుగురు దాటకూడదు. బిడ్డను పోగొట్టుకున్న తల్లులను, భర్తను పోగొట్టుకున్నవారిని ఒకే గుంపులో కలపకపోవడమే మంచిది. ఎవరి దుఃఖం పెద్దదనే పోలిక ఎవరూ పైకి అనకపోయినా గాల్లో ఉంటుంది, దానితో ఇద్దరూ నోరు మూసుకుంటారు.

రెండో అడుగు: మనుషులు

కనీసం ముగ్గురు కావాలి. ఒకరు కౌన్సెలర్, రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదైన క్లినికల్ సైకాలజిస్ట్ అయితే మేలు. ఒకరు గుర్రాన్ని రోజూ చూసుకునే సాయిసు. మూడో మనిషి గేటు దగ్గర ఉండి నీళ్ళు, ఫోను, ప్రథమ చికిత్స పెట్టె చూసుకోవాలి. కౌన్సెలర్ గుర్రాన్ని చూస్తూ మనిషిని మరవకూడదు, సాయిసు మనిషి కథ వింటూ గుర్రాన్ని మరవకూడదు. ఒక్కరే రెండు పనులూ చేస్తామంటే ఒప్పుకోకండి. కాళ్ళు తొక్కించుకోవడాలు, కరిపించుకోవడాలు ఎక్కువగా జరిగేది అక్కడే.

సాయిసు మగవాడైతే మొదటి రోజే అందరికీ పరిచయం చేయండి. ఆయన ఎవరినీ తాకకూడదు, చేయి పట్టి నేర్పకూడదు. ఎలా చేయాలో తన చేత్తో గుర్రం మీదే చూపించాలి.

మూడో అడుగు: గుర్రం

8 నుంచి 18 ఏళ్ళ వయసున్న ఆడ గుర్రం గానీ, విత్తులు తీసిన మగ గుర్రం గానీ తీసుకోండి. పోతు గుర్రం వద్దు. కోడె వయసుది వద్దు. మన దగ్గర తేలిగ్గా దొరికేవి పెళ్ళి ఊరేగింపు గుర్రాలే, తెల్లగా అందంగా ఉంటాయి. అయినా మా ఓటు వాటికి లేదు. డప్పుల మధ్య ఎగిరేలా తయారు చేసిన గుర్రం నిశ్శబ్దంలో ఏం చేయాలో తెలియక గింజుకుంటుంది. కళ్ళెం గట్టిగా లాగి లాగి నోరు పుండైనవీ ఉంటాయి. పైగా భర్తను పోగొట్టుకున్న ఆమె ముందు పెళ్ళి గుర్రాన్ని నిలబెట్టడం ఎందుకో ఒకసారి ఆలోచించండి. వేరే దారి లేకపోతే కనీసం రెండు నెలలు ఊరేగింపులు మాన్పించి, అలంకారాలన్నీ తీసేసి, కొత్తగా అలవాటు చేయాలి.

పశువైద్యులతో పరీక్ష తప్పనిసరి. శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం తిరుపతిలోనే ఉంది, ఆ సదుపాయం వాడుకోండి. చూపు, పళ్ళు, వీపు నొప్పి, నడక, డెక్కలు చూపించాలి. ధనుర్వాతం, రేబిస్ టీకాలు వేయించాలి. గ్లాండర్స్ రక్తపరీక్ష చేయించకుండా ఒక్క మనిషినీ దగ్గరికి రానివ్వకండి, ఎందుకంటే ఆ జబ్బు మనుషులకూ సోకుతుంది, ప్రాణాంతకం. పశుసంవర్ధక శాఖ ద్వారా నమూనా పంపవచ్చు. ఈ జబ్బుకు దేశంలో ప్రధాన ప్రయోగశాల హరియాణాలోని హిసార్‌లో ఉంది.

ఆ తర్వాత మీ పరీక్ష. గొడుగు తెరవండి, ప్లాస్టిక్ కవరు నలపండి, చున్నీ గాల్లో ఆడించండి, ఒకరు గట్టిగా ఏడుస్తున్నట్టు శబ్దం చేయండి. గుర్రం ఉలిక్కిపడొచ్చు, తప్పు లేదు. రెండు మూడు అడుగులు వేసి ఆగి, తిరిగి చూస్తే పనికొస్తుంది. కంచె చివరిదాకా పరుగెత్తి అక్కడే వణుకుతూ ఉంటే, లేదా చెవులు వెనక్కి అణిచి పళ్ళు చూపిస్తే పనికిరాదు. ఒక్కదాన్నే ఉంచకండి. గుర్రానికి తోడు గుర్రం లేకపోతే దాని ధ్యాసంతా తోడు వెతుక్కోవడం మీదే ఉంటుంది.

నాలుగో అడుగు: చోటు, వేళ

18 మీటర్ల వెడల్పున్న గుండ్రటి ఆవరణ నలుగురికి చాలు. కంచె ఐదడుగుల ఎత్తుండాలి. కర్ర గానీ పైపు గానీ వాడండి, ముళ్ళతీగ అసలొద్దు. నేల ఇసుక కలిసి మెత్తగా ఉండాలి. పక్కన వేపో కానుగో నీడ, మరుగుదొడ్డి, చేతులు కడుక్కునే కొళాయి, నాలుగు కుర్చీలు ఉండాలి. కంచె చుట్టూ గన్నేరు చెట్లు ఉంటే మొదట అవి పీకించండి. మన ఇళ్ళ ముందు, రోడ్ల మధ్య అందం కోసం పెంచే ఆ చెట్టు గుర్రానికి విషం, కొద్ది ఆకులు తిన్నా గుండె ఆగిపోతుంది. ఆముదం చెట్లు కూడా ఉండకూడదు.

మార్చి నుంచి జూన్ దాకా ఉదయం ఆరు నుంచి ఎనిమిది లోపలే. సాయంత్రం ఎండ తగ్గినట్టు కనిపిస్తుంది గానీ బండలు, గోడలు వేడి కక్కుతూనే ఉంటాయి, గుర్రం చికాగ్గా ఉంటుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు. బురదలో గుర్రమూ జారుతుంది, మనిషీ జారుతుంది, కాబట్టి నేల తడిగా ఉన్న రోజు కంచె బయట కూర్చునే కార్యక్రమం చేయండి. దీపావళి వారం, దగ్గర్లో గంగమ్మ జాతర డప్పులు వినిపించే రోజులు సెలవు.

బట్టల గురించి పిలిచేటప్పుడే చెప్పాలి. చుడీదార్, కాలి వేళ్ళు కప్పే బూట్లు. చీరే కట్టుకుంటానంటే చీలమండ పైకి కట్టి, కొంగు నడుముకు దోపుకోవాలి. చున్నీ అయితే నడుముకు ముడి. తలలో పూలు వద్దు, మల్లెలు కనిపిస్తే గుర్రం మూతి నేరుగా జడ మీదికే వస్తుంది. పట్టీలు, వేలాడే కమ్మలు తీసి పెట్టాలి. గాజులు, తాళి, ఉంగరం విషయంలో మాత్రం ఎవరినీ "తీసేయండి" అనకండి. ఆ మాట ఆమె ఈమధ్యే ఎక్కడో విని ఉంటుంది. గాజుల మీద పొడుగు చేతుల చొక్కా వేసుకోమని, తాళిని జాకెట్టు లోపలికి వేసుకోమని చెప్తే సరిపోతుంది.

ఐదో అడుగు: ఎనిమిది వారాలు

వారానికొక రోజు, గంటన్నర. మొదటి పావుగంట కూర్చుని నీళ్ళు తాగడం, ఈ వారం నిద్ర ఎలా ఉందో ఒక్క మాటలో చెప్పడం. నలభై ఐదు నిమిషాలు గుర్రంతో. చివరి అరగంట కుర్చీల్లో. ఏడుపొచ్చినా మాటలొచ్చినా అక్కడ సమయం ఉండాలి. ఆలస్యమైందని ఈ అరగంటను కుదించేవాళ్ళు ఎక్కువ. తెరిచిన గాయంతో మనిషిని ఆటో ఎక్కించినట్టే అది.

మొదటి వారం ఎవరూ లోపలికి వెళ్ళరు. పగ్గం లేకుండా రెండు గుర్రాలను వదిలి, బయట నుంచి ఇరవై నిమిషాలు చూడమనండి. తర్వాత ఒకటే ప్రశ్న: "అక్కా, ఏం చూశారు?" ఎవరో "ఆ ఎర్రది ఒంటరిగా నిలబడింది" అంటారు. దాన్ని విడమర్చకండి. ఈ మొదటి రోజే ఇది ఎనిమిది వారాల కార్యక్రమమని, ఆఖరి తేదీ ఫలానా అని కాగితం మీద రాసివ్వండి. హఠాత్తుగా ముగిసిపోవడం వీళ్ళకు కొత్తది కాదు, మనం ఇంకోసారి అలా చేయకూడదు.

రెండో వారం దగ్గరికి వెళ్ళడం. గుర్రానికి చుట్టూ దాదాపు 350 డిగ్రీలు కనిపిస్తుంది, నుదుటి ముందు కొంచెం, తోక వెనక కొంచెం గుడ్డి చోటు. కాబట్టి ఎదురుగానూ వెనగ్గానూ వెళ్ళకుండా ఎడమ భుజం వైపు నడవాలి. రెండు మీటర్ల దూరంలో ఆగి, నాలుగు అంకెలు ఊపిరి పీల్చి ఆరు అంకెలు వదలాలి. చేయి బోర్లించి చాపి, గుర్రం వాసన చూశాక భుజం మీద పెట్టాలి. మూతి మీద తట్టకూడదు. గుర్రం పక్కకు వెళ్ళిపోతే వెంటపడకూడదు. ఈ రోజు తాకకుండానే తిరిగొచ్చినా పని జరిగినట్టే.

మూడు, నాలుగు వారాలు తోమడం. ఈ కార్యక్రమంలో అన్నిటికన్నా ఫలితమిచ్చే భాగం ఇదేనని మా అభిప్రాయం, కాబట్టి తొందరపడకండి. రబ్బరు పళ్ళ బ్రష్‌తో మెడ, భుజం, తుంటి కండల మీద గుండ్రంగా తోమాలి. మొహం, వెన్నెముక, మోకాలి కింద అది వాడకూడదు, ఎముక మీద గీరుకుంటుంది. తర్వాత గట్టి కుచ్చు బ్రష్‌తో వెంట్రుక వాలే దిక్కుగా దుమ్ము దులపాలి. చివర మెత్తటి బ్రష్. రెండు వైపులా కలిపి పాతిక నిమిషాలు పడుతుంది. డెక్కలు గీకే పని సాయిసుదే. వెనక నుంచి అవతలి వైపుకు వెళ్ళాలంటే తుంటి మీద చేయి ఆనించి ఒంటికి ఆనుకుని నడవాలి, లేదా మూడు మీటర్ల దూరం నుంచి తిరిగి వెళ్ళాలి. ఈ రెండిటికీ మధ్య దూరంలో ఉంటేనే తన్ను గట్టిగా తగులుతుంది.

ఇన్నాళ్ళూ మంచం మీది మనిషికి ఒళ్ళు తుడిచి, మందులు వేసి, ఒక్కసారిగా చేతులు ఖాళీ అయిపోయిన ఆడవాళ్ళున్నారు. మూడో వారంలో వాళ్ళే ముందు ఏడుస్తారు. ఏడుస్తూ కూడా బ్రష్ ఆపరు. కౌన్సెలర్ చేయాల్సింది రెండు మీటర్ల దూరంలో నిలబడటం, అంతే. "ఏడవండమ్మా, మంచిది" అనే మాట కూడా అక్కర్లేదు. ఎవరైనా గుర్రం మెడను గట్టిగా వాటేసుకుంటే మాత్రం నెమ్మదిగా, "అమ్మా, భుజం మీద చేయి పెట్టండి, దానికి ఊపిరి ఆడనివ్వండి" అనాలి. గట్టి కౌగిలి గుర్రానికి బంధించినట్టుంటుంది.

ఐదు, ఆరు వారాలు నడిపించడం. పగ్గం మూడు మీటర్ల పొడుగుండాలి. కుడి చేయి గుర్రం గడ్డం కింద జానెడు దూరంలో, మిగతా తాడు ఎనిమిది అంకెలా మడిచి ఎడమ చేతిలో. తాడును చేతికి చుట్టుకోకూడదు; గుర్రం ఒక్కసారి లాగితే వేళ్ళు విరుగుతాయి. సాయిసు రెండో పగ్గంతో అవతలి వైపు నడుస్తాడు. తిప్పేటప్పుడు గుర్రాన్ని మన మీదికి కాకుండా మన నుంచి అవతలికి, అంటే కుడివైపుకు తిప్పాలి, కాలు తొక్కకుండా. తొక్కితే కాలు లాగకండి, దాని భుజం మీద బరువు వేసి నెట్టండి, అదే ఎత్తుతుంది.

ముందు చూస్తూ నడిస్తే గుర్రం వస్తుంది. వెనక్కి తిరిగి దాని మొహం చూస్తూ లాగితే ఆగిపోతుంది. ఇది మామూలు గుర్రపు లక్షణం, దీన్ని జీవిత పాఠంగా వివరించాలని నోరు దురద పెడుతుంది. ఆపుకోండి. ఆమెకు తట్టితే ఆమే చెప్తుంది.

ఆరో వారంలో ఆవరణలో మూడు వస్తువులు పెట్టమనండి: కుర్చీ, బిందె, తాడు చుట్ట, ఏవైనా సరే. "ఈ ఏడాదిలో మీకు అడ్డొచ్చినవి" అనుకుని ఎక్కడ పెట్టాలో ఆమే నిర్ణయించాలి. వాటి మధ్య నుంచి గుర్రాన్ని నడిపించాలి. ఏ వస్తువు ఏమిటో చెప్పమని బలవంతం లేదు.

ఏడో వారం మళ్ళీ పగ్గం లేకుండా. ఒక్కొక్కరు పది నిమిషాలు లోపల, ఏం చేయాలనేది వాళ్ళ ఇష్టం. కొందరు మాట్లాడతారు, పోయినవాళ్ళతో కూడా. వినపడనంత దూరంలో నిలబడండి, చూపు మాత్రం తీయకండి. ఎనిమిదో వారం తోమి, నీళ్ళు పట్టి, వీడ్కోలు. రాలిన జూలు వెంట్రుకలు కొన్ని కావాలంటే ఇవ్వండి. గుర్రంతో ఫొటో కావాలంటే ఈ ఒక్కరోజే, అదీ ఆమె ఫోన్‌లోనే.

ఎక్కడ చెడుతుంది

"గుర్రం నీ బాధ తెలుసుకుంది, అందుకే దగ్గరికొచ్చింది" అనే మాటతో ఎక్కువ చెడుతుంది. వినడానికి బాగుంటుంది. కానీ వచ్చే వారం అదే గుర్రం వీపు తిప్పితే ఆమె "గుర్రం కూడా నన్ను వద్దంది" అనుకుంటుంది. అలా అనుకున్న రోజు ఓదార్చకుండా అడగండి: అప్పుడు దాని చెవులు ఎటున్నాయి? అవతల ఏముంది? తరచుగా అటువైపు గడ్డి ఉంటుంది. "మొదట మీకేమనిపించింది, తర్వాత ఏం కనిపించింది" అనే రెండు ప్రశ్నలు చాలు.

రెండోది తిండి. జాలితోనో భక్తితోనో క్యారెట్టు, బెల్లం, లడ్డు, అన్నం తెస్తారు. చేత్తో పెడితే వారం తిరిగేసరికి గుర్రం మనుషుల చేతులు, జేబులు కొరకడం మొదలుపెడుతుంది. గుర్రానికి వాంతి చేసుకునే శక్తి లేదు. పడనిది తింటే కడుపునొప్పి, అది ప్రాణం మీదికి వస్తుంది. దాణా, ఉలవలు, చొప్ప అన్నీ సాయిసు చేతి మీదుగానే. వేరుశనగ కట్టె వేస్తుంటే బూజు లేదని ప్రతిసారీ చూసుకోవాలి.

మూడోది బంధువులు. కోడలిని దింపడానికి వచ్చిన అత్తగారు కంచె దగ్గర నిలబడితే ఆ రోజు పని జరగదు. దింపి వెళ్ళమని, కార్యక్రమం అయ్యే వేళకు రమ్మని ముందే చెప్పండి.

గుర్రం అలసటను ఎవరూ పట్టించుకోరు. రోజుకు ఒక గుంపు, వారానికి మూడు రోజులు మించనివ్వకండి. మొదలుపెట్టే ముందు, అయ్యాక నాడి చూడండి. విశ్రాంతిగా ఉన్న గుర్రానికి నిమిషానికి 28 నుంచి 44, ఊపిరి 8 నుంచి 16. నీడలో నిలబెట్టాక కూడా నాడి 60 దాటే ఉంటే, లేదా కాలితో నేల గీరుతూ డొక్క వైపు చూసుకుంటుంటే, కార్యక్రమం ఆపి పశువైద్యులను పిలవండి. గుర్రాన్ని మధ్యలో అమ్మాల్సి వచ్చినా, అది చచ్చిపోయినా నిజం చెప్పండి. "ఊరికి పంపాం" అని ఈ ఆడవాళ్ళకు అబద్ధం చెప్పకండి.

ఇంటికి వెళ్ళాక

కార్యక్రమం జరిగిన రాత్రి బాధ పెరగడం మామూలే, అది ముందే చెప్పి ఉంచండి. మర్నాడు ఉదయం మూడో మనిషి ఫోన్ చేసి రెండు నిమిషాలు మాట్లాడాలి. పీహెచ్‌క్యూ-9 నాలుగో వారంలో ఒకసారి, ఎనిమిదో వారంలో ఒకసారి మళ్ళీ చదవండి. అంకెలు పెరుగుతుంటే గుర్రం వారాలు పొడిగించడం కాదు, వైద్యుల దగ్గరికి పంపాలి.

ప్రతి ఒక్కరి కాగితం మీద నాలుగు తేదీలు రాసుకోండి: సంవత్సరీకం, పోయినవారి పుట్టినరోజు, పెళ్ళిరోజు, సంక్రాంతికి పెద్దలకు పెట్టుకునే రోజు. ఎనిమిది వారాలు అయిపోయినా, ఆ తేదీలకు ముందు రోజు సాయంత్రం ఫోన్ చేయండి. పొద్దున్నే వచ్చి గుర్రాన్ని ఒకసారి తోమి వెళ్తానని ఎవరైనా అంటే, సాయిసుకు ముందే చెప్పి బ్రష్‌లు బయట పెట్టించండి.